డ్రమ్ములో నల్లపొడి

మా అత్త మొగులమ్మకు ఇద్దరే దేవుళ్లు: ఊరి ఎల్లమ్మ, పెరట్లో అమ్మకానికి పెంచే టమాట నారు. ఈ ఏడు రెండో దేవుడు అలిగాడు. పై ప్లాట్లలో ఎవరో కుమ్మరించిన గడ్డిమందు మా బోరులోకి దిగింది. ఆ నీళ్లకు నారంతా ఆకులు ముడుచుకుని చచ్చింది, ఇంకా ఆ నీళ్లు పెట్టని ఒక్క మడి తప్ప. అదీ పోతే పెరడు లారీల పార్కింగుకు ఇస్తానని అత్త లారీలు తిప్పే జైపాల్‌కు మాటిచ్చేసింది. ఆ రోజు అన్నం ముట్టలేదు.

మా వెనక వీధి ఎల్సీ కాలేజీ ల్యాబులో పరిశోధన చేస్తుంది. శనివారం వచ్చి, డ్రమ్ము నిండా బోరు నీళ్లు పట్టించి, నల్లటి పొడి, కాస్త పెరాక్సైడు కలిపింది.

"గిదేంది బిడ్డా, మసి?" అంది అత్త.

"ఐరన్ ఆక్సైడ్, పెద్దమ్మా. తుప్పుకు సుట్టం. గడ్డిమందును ముక్కలు ముక్కలు చేస్తది. రేపు చర్చి నుంచి వచ్చి అయస్కాంతంతో పొడి తీస్త, నీళ్లు టెస్ట్ చేస్త. అప్పటిదాంక ముట్టకుర్రి."

ముట్టకపోతే ఆమె మా అత్త ఎలా అవుతుంది? మర్నాడు బోనాలు. గరిటె నుంచి గంగాళం దాకా తోమందే ఆమె బోనం ఎత్తదు. ఆదివారం పొద్దున నేను వేపకొమ్మలు తెచ్చేసరికి డ్రమ్ము బోర్లించి ఉంది, తళతళలాడుతూ.

"నీళ్లేవి అత్తమ్మా?"

"పారబోస్తనా? మడికి పోసిన."

ఉన్న ఒక్క మడికీ పరీక్ష చెయ్యని నీళ్లు!

నేను ఫోను చేస్తే ఎల్సీ చర్చి చీరతోనే పరుగెత్తుకొచ్చింది. తిడుతుందనుకున్నాను. మడి పక్కన చతికిలబడి, పాత స్పీకరు అయస్కాంతానికి ప్లాస్టిక్ కవరు చుట్టి మట్టి మీద తిప్పసాగింది. సగం నల్లపొడి వచ్చింది, సగం మా మామ పారేసుకున్న మేకులు. నాకు నవ్వూ ఆగలేదు, ఏడుపూ ఆగలేదు.

"ఇగ టెస్ట్ చేసేది నేను కాదు, మీ నారే," అంది.

సాయంత్రం అత్త బోనం నెత్తిన పెట్టుకుని గుడికి బయల్దేరుతూ ఆ మడి ముందు కాసేపు ఆగింది.

రోజూ తెల్లారగానే అత్తా నేనూ చెప్పులైనా వేసుకోకుండా మడి దగ్గరికి ఉరికేవాళ్లం. ఆకులు ముడుచుకోలేదు. కొత్త చిగుళ్లు కూడా తిన్నగానే విచ్చుకున్నాయి.

ఒకరోజు గేటు బయట లారీ హారను మోగింది. జైపాల్ తల బయటపెట్టాడు. "ఏడ పెట్టమంటవ్ అక్కా?"

అత్త కొంగు బిగించి గేటుకు అడ్డంగా నిలబడింది. "ఎనక్కి తీస్కపో తమ్మీ. నా నారుకు పొగ తగుల్తది."

"మాటిస్తివి గదా!"

"ఇచ్చిన. నారు సావలే."

లారీ మళ్లకముందే నా వైపు తిరిగింది. "ఎల్సీని పిలువు. ఇంకో డ్రమ్ము తోమి పెట్టిన."