తాటిగరువు హాల్టుకి అర టిక్కెట్టు

అప్పలసూరి చేను తరిగిపోవడానికి కారకుడు సాక్షాత్తూ వాళ్ళన్న బంగార్నాయుడే. దుమ్ము అణగాలని వంక పెట్టి, రోజూ తాటిగరువు హాల్టు ప్లాట్‌ఫారం చివర బిందెడు నీళ్ళు పోస్తాడు. తడి తగిలితే ఏదైనా వేరు తన్నుతుంది కదా. ప్లాట్‌ఫారం పెరుగుతోంది. పెరిగి పెరిగి సూరి వేరుశెనగ చేలోకి మూతి పెడుతోంది.

తెల్లారగానే సూరి గునపం పట్టుకెళ్ళి, పెరిగినంత మేరా చెక్కేస్తాడు. చెక్కిన సిమెంటు ముక్కలు పచ్చికొబ్బరిలా మెత్తగా ఉంటాయి. మేకలు ఇష్టంగా తింటాయి.

"స్టేషన్ మాస్టరున్న ఊరైతే ఈపాటికి నిన్ను జైల్లో ఎట్టుదురు," అంటాడు అన్నతో.

"మాస్టరు నేకపోబట్టే కదరా, దాన్ని మనం పెంచాల," అంటాడు బంగార్నాయుడు, కమీషన్ మీద టిక్కెట్లమ్మే కిటికీలోంచి.

అదీ నిజమే. ఈ హాల్టుకి పుట్టిననాటి నుంచీ మాస్టరు లేడు, పోర్టరు లేడు. ఎప్పుడో ఒక వేసవిలో వీళ్ళ ముత్తవ్వ ఇంజను డ్రైవరుకి తాటిముంజలు ఇచ్చింది. మర్నాడు డ్రైవరు వద్దన్నా బండి అక్కడే ఆగింది, కుడితి తాగిన గుమ్మం ముందు ఆవు ఆగినట్టు. ఎలాగూ ఆగుతోంది కదా అని రైలువాళ్ళు బోర్డు పాతారు. బోర్డు నీడలోంచి బెంచీ మొలిచింది, బెంచీ కిందనుంచి ప్లాట్‌ఫారం. పట్నం పాక్కుంటూ వచ్చి చుట్టూ మేడలు లేపినా, మాస్టరు మాత్రం రాలేదు. తండ్రి లేని పిల్లలా అది తనంతట తనే పెరిగింది, రెండు పెట్టెలకు సరిపడా.

మిగతా పెట్టెలు ప్లాట్‌ఫారం దాటి, సూరి చేను పల్లం పక్కన ఆగుతాయి. ఆఖరిది కూరగాయల బుట్టలవాళ్ళ పెట్టె. అందులో సూరి తల్లి పైడమ్మ ఉంది. ఏళ్ళ కిందట బెండకాయలు అమ్ముకురావడానికి పట్నం వెళ్ళింది. తిరిగొచ్చేసరికి, అంత ఎత్తునుంచి గెంతడానికి మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఆనాటి నుంచీ దిగలేదు. రోజూ మధ్యాహ్నం బండికి వస్తుంది, కిటికీలోంచి కొడుకులిద్దర్నీ తిట్టి వెళ్ళిపోతుంది. బుట్టలో అడుగున మిగిలిన బెండకాయలు ఇంకా లేతగానే ఉన్నాయి.

ఈవేళ బండి ఆగగానే ఆమె మెట్టు మీదకి వస్తుంది.

"ఒరే సూరీ, సేతిలో ఆ గునపమేటిరా?"

"అన్న నా సేను మింగించీస్తన్నాడే అమ్మా."

"నీల్లు పొయ్యమన్నది నానేరా. నువ్వు పొద్దున్నే సెక్కీకపోతే ఈపాటికి దిగీసి, ఇంట్లో గంజి తాగుదును."

సూరి చేను వైపు చూస్తాడు. తండ్రి పంచిచ్చినదాంట్లో మిగిలింది ఆ ముప్పై ఏడు సెంట్ల ముక్కొక్కటే. తల్లి పాదం వైపు చూస్తాడు. అది మెట్టు మీంచి వేలాడుతూ, నేల కోసం గాలిలో తడుముకుంటోంది.

"పూత మీదుందే అమ్మా," అంటాడు, ఆఖరి ప్రయత్నంగా.

"పూత మల్లీ ఏటికొస్తాది. నా మోకాల్లొస్తాయేట్రా?"

సూరి గునపం పడేసి తన నూతిలోంచే నీళ్ళు తోడి, బిందె వెనక బిందె పోస్తాడు. ప్లాట్‌ఫారం గుటగుటా తాగి, ఒళ్ళు విరుచుకుని, వేరుశెనగ సాళ్ళ మీదుగా కుక్కపిల్లలా పరుగెత్తుకెళ్ళి ఆ పాదం కింద ఆగుతుంది.

పైడమ్మ దిగుతుంది. ఆమె వెనకే వంకాయలవాళ్ళు, తమలపాకులవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళంతా దిగుతారు. దిగినవాళ్ళు దిగినట్టే బుట్టలు బోర్లించి డప్పుల్లా వాయిస్తారు. బంగార్నాయుడు కిటికీలోంచి దూకి తమ్ముణ్ణి ఎత్తుకుంటాడు. సూరి నవ్వుతాడు. నవ్వి చాలా ఏళ్ళయింది కాబట్టి పళ్ళకి గాలి చల్లగా తగులుతుంది.

గార్డు మాత్రం పచ్చజెండా ఊపడు. "దిగారు, బాగానే ఉంది. ఎక్కేవాళ్ళేరీ? ఎవరూ ఎక్కకపోతే హాల్టు ఎత్తేస్తారు."

ఎవరు ఎక్కుతారు? అమ్మ ఇప్పుడే కదా దిగింది. అందరూ తల వంచుకుంటారు. అప్పుడు వాళ్ళ కాళ్ళ కిందనుంచి ప్లాట్‌ఫారం సిగ్గుపడుతూ లేస్తుంది. ఇన్నాళ్ళూ రైళ్ళ పక్కనే ఉంది, పాపం, ఒక్కసారీ రైలెక్కలేదు.

"ఫుల్లా, హాఫా?" అని అడుగుతాడు బంగార్నాయుడు టిక్కెట్లు తీస్తూ.

"మాస్టరు నేకుండా పెరిగిన గుంటపిల్ల. దానికింకా ఏం వొయసుందిరా? అర టిక్కెట్టు కొట్టు," అంటుంది పైడమ్మ. దార్లో నమలడానికి నాలుగు బెండకాయలు దాని బెంచీ మీద పెడుతుంది.

ప్లాట్‌ఫారం మడతలు మడతలుగా ఆఖరి పెట్టెలోకి ఎక్కి, పైడమ్మ ఖాళీ చేసిన కిటికీ దగ్గర సర్దుకుంటుంది. దాని వేళ్ళకి అంటుకుని చేను కూడా ఎక్కుతుంది, పసుప్పచ్చ పూలతో, గట్టు మీద మేకలతో. బండి కదులుతుంది. కిటికీలోంచి బోర్డు చెయ్యి ఊపుతుంది.

నేల లేనిచోట నిలబడి ఊరంతా తిరిగి చేతులూపుతుంది. సూరి తల్లిని భుజం మీద ఎక్కించుకుని, బండి వెంట గాలిలో పరుగెడుతూ, అందరికీ వినబడేలా కేకేస్తాడు.

"పోనాదర్రా! ముప్పై ఏడు సెంట్లూ పోనాది, గట్టుతో సహా!"