బాకాల వీధికి అడ్డంగా

నేను ఒక ఇనుప బారికేడును. కాకినాడ ఆటోనగర్‌లో, ఒక వెల్డింగు షెడ్డులో పుట్టాను. ఇనుప గొట్టాలూ రెండు రేకు పలకలూ అతికించి నన్ను తయారుచేసినవాడికి ఆ రోజు పంటినొప్పి. ఒక చేత్తో చెంప పట్టుకుని, ఇంకో చేత్తో పని కానిచ్చాడు. అందుకే నా కుడి చక్రం రవ్వంత వంకరగా కూర్చుంది. తమ పంటినొప్పులు ఎక్కడెక్కడికి వెళ్ళి తేలతాయో మనుషులకు తెలియదు.

ఒక చీరల దుకాణం వాళ్ళు తమ పేరు నా పొట్ట మీద రాయించి, పోలీసులకు నన్ను కానుకగా ఇచ్చారు. రెండేళ్ళలో ఆ దుకాణం మూతపడింది. పేరు మాత్రం నా ఒంటి మీద ఊరంతా తిరుగుతూనే ఉంది.

పన్నెండేళ్ళు పోలీసుల దగ్గర పనిచేశాను. ఊరేగింపులు ఆపాను, ధర్నాలు ఆపాను, ఎవరో పెద్దమనిషి కారు వెళ్ళేదాకా స్కూలు పిల్లల రిక్షాలు ఆపాను. ఎందుకు ఆపుతున్నానో ఎవరూ చెప్పేవారు కాదు. ఒక సభ రోజున మాత్రం నా బతుకు మీద నాకే రోత పుట్టింది. జనం వెనకనుంచి ఎవరో "కరెంటు తీగ తెగిపోయిందిరో!" అని అరిచారు. తీగా తెగలేదు, ఏమీ తెగలేదు. కానీ అంతమందీ ఒక్కసారిగా నా మీదికి వచ్చి పడ్డారు. నాకూ ఆ గుంపుకూ మధ్య ఒకామె నలిగిపోయింది. ఆమె వేళ్ళు నా గొట్టాన్ని గట్టిగా పట్టుకున్నాయి. కాసేపటికి వదిలేశాయి. ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆమె బతికిందో లేదో నాకెవరూ చెప్పలేదు.

ఆ తోపులాటలో నా నడుము వంగింది. స్టేషను వెనక, పట్టుబడిన మోటారు సైకిళ్ళ పక్కన పడేశారు. నాలుగు వానాకాలాలు అక్కడే నానాను. కుడి చక్రం తుప్పుపట్టి పూర్తిగా బిగుసుకుపోయింది. అక్కడినుంచి నన్ను లేవనెత్తినవాడు హెడ్ కానిస్టేబుల్ అప్పలకొండ. లేపించింది నూకరత్నం.

నూకరత్నం బ్యాండుమేళం నడుపుతుంది. నలభై ఆరేళ్ళ మనిషి, క్లారినెట్ వాయిస్తుంది. తండ్రి పోయాక మేళాన్ని ఆమే భుజానికెత్తుకుంది. ఊరి నడిబొడ్డున, పాత మార్కెట్ వెనక ఉన్న వాళ్ళ వీధిని బాకాల వీధి అంటారు. ఒకప్పుడు అక్కడ పదకొండు మేళాలుండేవి. పెళ్ళివాళ్ళు డీజే పెట్టెల వైపు తిరిగాక నూకరత్నం మేళం ఒక్కటే మిగిలింది. మిగతా గదులు పార్సిలు గోడౌన్లయ్యాయి. పొద్దస్తమానం లారీలు బారులు తీరి ఉండేవి. ఆ వీధివాళ్ళకు ఎదురింటి గుమ్మం చూడాలంటే లారీ కదలాలి.

ఆదివారం సాయంత్రం మూడు గంటల సేపు లారీలను ఆపి, వీధిలో కుర్చీలు వేసి, ఊరివాళ్ళెవరైనా వచ్చి వాయించుకునేలా, పాడుకునేలా చెయ్యాలని నూకరత్నం పట్టుబట్టింది. ఏడాది పాటు మున్సిపల్ ఆఫీసు మెట్లు ఎక్కి దిగింది. అడ్డుపడినవాడు కర్రి వీర్రెడ్డి. వీధిలో పెద్ద గోడౌను ఆయనదే. చెడ్డవాడేం కాదు, మొండివాడు.

"ఆరడుగుల సందులో నాలుగొందల మందిని కూసోబెడతారా? ఏదన్నా అయితే అంబులెన్సు ఎలా వత్తదండి, ఫైరింజను ఎలా వత్తదండి?" అని కమిషనర్ ముందు నిలదీశాడట. వీధి ఆరడుగులు కాదు, ఇరవై రెండడుగులు. కానీ ప్రశ్న మంచిదే. కమిషనరమ్మ ఒక్క ఆదివారం మాత్రం చూద్దామంది. చిన్న ప్రమాదం జరిగినా, అత్యవసర బండి ఒక్కటి ఆగినా, మళ్ళీ ఆ మాట ఎత్తకూడదంది.

ఆ ఆదివారం నాలుగింటికి అప్పలకొండ, ఇంకో ముగ్గురు కలిసి నన్ను మోసుకొచ్చి వీధి తూర్పు మొదట్లో అడ్డంగా నిలబెట్టారు. పడమటి చివర చెక్క బల్లలు పెట్టారు. నాకు ముప్ఫై అడుగుల దూరంలో వేదిక, దాని వెనక నీలం గుడ్డ తెర. ఆ తెరకూ నాకూ మధ్య ఒక కరెంటు స్తంభం. స్తంభాన్ని ఆనుకుని వీర్రెడ్డి గోడౌను. ఆయన దాని గుమ్మంలో కుర్చీ వేసుకుని, ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడ తప్పు దొర్లుతుందా అని చూస్తున్నాడని ఆయన మొహమే చెబుతోంది.

జనం వచ్చారు. రెండొందల మంది వస్తే గొప్ప అనుకున్నారు, ఐదున్నరకల్లా నాలుగొందలు దాటారు. పసిపిల్లల తల్లులు, చేతికర్రల ముసలివాళ్ళు, చేపల మార్కెట్‌నుంచి బుట్టలతో సహా వచ్చిన ఆడవాళ్ళు. అంతమందిని ఒకచోట చూసేసరికి నా గొట్టాలు చల్లబడ్డాయి. నాకు గుంపంటే ఏమిటో తెలుసు.

నూకరత్నం క్లారినెట్ ఎత్తింది. డెబ్భై ఏళ్ళ మస్తాను పెద్ద డ్రమ్ము మీద దరువు వేశాడు. వెనక బాకాలు అందుకున్నాయి. ఉక్కకు ఎర్రకోట్లు గదిలోనే వదిలేసిన మేళం అలా కూర్చుని, పెళ్ళికొడుకు తొందర లేకుండా, ఒక పాటను మొదటినుంచి చివరిదాకా వాయించడం ఆ వీధివాళ్ళు మొదటిసారి విన్నారట. మూడో పాట మధ్యలో నాకు వేడి తగిలింది.

స్తంభం మీది పెట్టెలో నిప్పురవ్వలు. కాలిన రబ్బరు ముద్ద ఒకటి గోడౌను కిటికీలోంచి లోపల పడింది. లోపల గుడ్డల మూటలు. నీలం తెర అడ్డుగా ఉంది కాబట్టి జనానికి ఏమీ కనిపించలేదు. ఊపిరితో బతికే వాయిద్యం కాబట్టి కాబోలు, వాసన ముందు నూకరత్నానికే తెలిసింది. వాయిస్తూనే తెర అంచు పక్కనుంచి తల తిప్పి చూసింది. రవ్వలు చూసిన అప్పలకొండ అప్పటికే ఫోనులో ఫైరింజను వాళ్ళకు చెబుతున్నాడు, కరెంటు తీయించమని ఇంకెవరినో బతిమాలుతున్నాడు.

వీర్రెడ్డి కుర్చీలోంచి లేచాడు. పొగ చూశాడు. నోరు తెరిచాడు.

నూకరత్నం క్లారినెట్ పెదవుల మీదే ఉంచి, ఆయన కళ్ళలోకి చూసి, వద్దన్నట్టు తల ఊపింది. నాలుగొందల మంది. ఒక్క అరుపు చాలు. వీర్రెడ్డి నోరు అలాగే తెరుచుకుని ఉంది. తన సొత్తు కాలిపోతుంటే అరవకుండా ఉండటం ఎంత కష్టమో ఆయన మెడ నరాల్లో చూశాను. ఆయన నోరు మూసుకున్నాడు.

పాట పూర్తికాకుండానే ఆమె మైకు అందుకుంది. "ఏవండీ, ఇంతసేపూ మీరు కూసున్నారు, మేం వాయించాం. ఇప్పుడు మనందరం ఊరేగింపెళ్దాం. మా మస్తాను బాబాయి ముందు నడుత్తాడు. ఎనక వరసోళ్ళు ముందు లెగండి. పిల్లల్ని ఎత్తుకోండి. పెద్దోళ్ళకి చెయ్యివ్వండి. ఆ చివరిదాకా, మార్కెట్టు మైదానం దాకా, నెమ్మదిగా—"

కరెంటు పోయింది. మైకు మూగబోయింది. జనంలో గుసగుస లేచింది. ఎవరో నిలబడి వెనక్కి చూడబోయారు.

మస్తాను డ్రమ్ము మోగింది. బ్యాండుమేళానికి మైకు ఎప్పుడు కావలసి వచ్చింది కనుక! పెళ్ళిళ్ళలో జనాన్ని కదిలించే నడక దరువు అది. అది వింటే ఈ ఊరివాళ్ళ కాళ్ళు వాటంతటవే నడుస్తాయి. ముసలాయన డ్రమ్ము మెడకు తగిలించుకుని మధ్య దారిలోంచి పడమటికి సాగాడు. బాకాలు వెంట వెళ్ళాయి. ముందు నడిచిన కుర్రాళ్ళు పడమటి చెక్క బల్లల్ని పక్కకు లాగేశారు. చివరి వరస లేచింది, తర్వాత దాని ముందు వరస. ఎవరో నవ్వుతున్నారు. ఒక చేపలామె బుట్ట నెత్తిన పెట్టుకుని చిందేసింది.

నూకరత్నం మాత్రం వేదిక దిగకుండా మళ్ళీ క్లారినెట్ అందుకుంది. తను ఆగితే ముందు వరసవాళ్ళు వెనుదిరిగి చూస్తారని ఆమెకు తెలుసు. తెర పైఅంచు నల్లబడుతోంది. ఆమె దగ్గును మింగుతూ వాయిస్తోంది. ఊపిరి తీసుకున్న ప్రతిసారీ పొగనే తీసుకుంటోంది.

ఇటు ఫైరింజను గంట వినిపించింది. దారికి అడ్డంగా ఎవరున్నారు? నేను. అప్పలకొండ ఒక్కడే నన్ను తోశాడు. కుడి చక్రం కదల్లేదు. భుజం ఆనించి తోశాడు. నేను రోడ్డును గీరుతూ జానెడు జరిగి ఆగిపోయాను. కదలాలని అంతగా నేనెప్పుడూ కోరుకోలేదు. ఇనుముకు కోరిక ఉంటే ఏం లాభం? ఎవరో ఎత్తాలి.

"రెడ్డి గారూ! ఓ చెయ్యెయ్యండి!"

గోడౌను తలుపు దగ్గర తాళంచెవితో తడుముకుంటున్న వీర్రెడ్డి ఒక్క క్షణం లోపలికి చూశాడు. తర్వాత చెవిని జేబులో పడేసి పరిగెత్తుకొచ్చాడు. బిగిసిన చక్రం వైపు పట్టుకుని, అరవై ఏళ్ళ మనిషి, ఒక్క ఊపులో నన్ను లేపాడు. ఇద్దరూ కలిసి నన్ను గోడకు చేరవేసేసరికి ఫైరింజను నా పక్కనుంచి లోపలికి దూసుకుపోయింది. ముందు వరసలో ఆఖరున మిగిలిన ముసలమ్మ చెయ్యి పట్టుకుని నూకరత్నం అప్పుడు వేదిక దిగింది.

ఒక్కరికీ చిన్న గీటు కూడా పడలేదు. సగం మందికి మంట సంగతి మైదానం చేరాకగానీ తెలియలేదు. గోడౌనులో ఒక మూల కాలింది. గోడకు అవతల మేళంవాళ్ళ సామాన్ల గది ఉంది. అందులో దాచిన తండ్రినాటి ఎర్రకోట్లన్నీ బూడిదయ్యాయి. నూకరత్నం ఆ బూడిదను చేత్తో కదిపి చూసి బయటికి వచ్చింది.

మర్నాడు కమిషనరమ్మ వీధికి వచ్చింది. ప్రమాదం జరిగింది, షరతు తప్పింది. నూకరత్నం తలవంచుకుని నిలబడింది. మాట్లాడినవాడు వీర్రెడ్డి.

"అమ్మా, నిన్న ఈదిలో మా లారీలు లేవు. ఫైరింజను నాలుగు నిమిషాల్లో మా గుమ్మం ముందుకొచ్చింది. అదే సోమారమైతే ఈది చివర్నే ఆగిపోవును. మా గోడౌనుతోపాటు ఈదంతా పోవును. ఏ బండీ రాలేదని మీకు అర్జీ పెట్టింది నేనే కదా? ఆ కాయితం ఎనక్కి ఇచ్చీండి."

ఆయన ఆ మాటలు ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. కమిషనరమ్మ స్తంభం మార్పించమని చెప్పి, వీధికి ప్రతి ఆదివారం అనుమతి రాసి ఇచ్చింది.

తర్వాతి ఆదివారం మేళంవాళ్ళు మామూలు చొక్కాలతోనే కూర్చున్నారు. నా చక్రానికి నూనె పోసి, నన్ను ఈసారి రోడ్డుకు అడ్డంగా కాక ఏటవాలుగా, ఒక్క చేత్తో తిప్పగలిగేలా పెట్టారు. వీర్రెడ్డి తన కుర్చీని గుమ్మంలోంచి తెచ్చి ముందు వరసలో వేసుకున్నాడు.

"అమ్మాయ్, ఆ రోజు ఆఖర్న వాయించావే, అది మళ్ళీ ఓసారి వాయించు. సరిగ్గా ఇన్లేదు."

నూకరత్నం క్లారినెట్ తుడిచింది. "అది రాదండి రెడ్డిగారూ. అది పాట కాదు, బయ్యం. ఏం వాయించానో నాకే తెలీదు" అంది. తర్వాత నవ్వింది. "ఇంకోటుంది. కూసోండి."

ఆయన కూర్చున్నాడు.