చెవితో చూసిన చాకు

మామయ్య నలభై ఏళ్లు కత్తులకు సానపట్టాడు. కళ్లలో శుక్లాలు ముదిరాక లోకమంతా పాలల్లో మునిగినట్టుందనేవాడు. అయినా, నర్సరీలో అంటుకట్టే కోడలు కొత్త చాకు కొనాలనేసరికి చెప్పులు వెతుక్కున్నాడు.

మధ్యాహ్నపు ఎండ ఇనుపసామాన్ల కొట్లో గాజుబల్ల మీద కునుకు తీస్తోంది. కొట్టతను విదేశీ మడతచాకులు ఐదు వరసగా పెట్టాడు. అన్నీ చవకవే. కొయ్యపిడి ఉన్న ఒకటి మాత్రం అద్దంలా మెరుస్తోంది. కోడలి మనసు దాని మీదే పడింది.

మామయ్య దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తెరిచాడు.

"నత్తిగా పలుకుతోంది. అటూ ఇటూ కదిపి చూడు, బ్లేడు పిడిలో ఆడుతోంది. నెల తిరక్కుండా ఊడి చేతికొస్తుంది."

తర్వాత నల్ల ప్లాస్టిక్ పిడిది. గడియ పడ్డట్టు ఒకే శబ్దం. ఆయన ముఖం విప్పారింది. "ఇదే తీసుకో అమ్మాయ్."

కోడలు దాన్ని వెలుతురుకు ఎత్తి మెల్లగా మూసింది. కాసేపు తటపటాయించింది.

"మామయ్యా, బ్లేడు ఒక పక్కకి ఒరిగింది. మూసినప్పుడల్లా అంచు లోపలి రేకుకి రాసుకుంటోంది. నేను రోజుకి వందసార్లు మూస్తాను కదా."

ఆయన దాన్ని అందుకున్నాడు. చాకును రెండుసార్లు తెరిచి మూశాడు.

"నాకు వినపడలేదమ్మా."

చెప్పకుండా ఉండాల్సిందేమో అనుకుంది కోడలు. ఆయన మాత్రం మిగిలిన మూడూ ఆమె వైపు జరిపాడు.

"నువ్వు చూడు. నేను వింటా."

ఒక్కో చాకూ తెరిచి మూస్తూ ఆమె వెలుతురులోకి చూసింది, ఆయన నిశ్శబ్దంలోకి చెవి పెట్టాడు. వీధి చప్పుళ్లు ఎక్కడో నీళ్లడుగున ఉన్నట్టు దూరమయ్యాయి. కొట్టతను కూడా తూకపురాళ్లు తుడవడం ఆపి చూస్తూ ఉండిపోయాడు. ఆఖరిది ఆకుపచ్చ పిడిది. దాని దగ్గర ఇద్దరూ ఒకేసారి తలూపారు. పొట్లాల కాగితం మీద ఆనించగానే కాగితం చడీచప్పుడు లేకుండా రెండయింది.

"ఏ దేశంలోనో ఎవరో దీని బ్లేడును పిడికి కలిపే మేకు బిగించేటప్పుడు తొందరపడలేదు," అన్నాడు మామయ్య, ఆ మనిషి ఎదురుగా కూర్చున్నట్టు.

మర్నాడు పొద్దున నర్సరీలో బోర్లించిన కుండీ మీద కూర్చున్నాడు. కోడలు గులాబీ కొమ్మను ఏటవాలుగా కోసి ఆయన చేతిలో పెట్టింది. కోత మీద ఆయన బొటనవేలు మెల్లగా జారింది. ఎక్కడా పీచు తగల్లేదు. చల్లటి తడి మాత్రం అంటుకుంది.

"పూసేది ఏ రంగు?" అనడిగాడు.