ఆఫీసరుగారి ఐదక్షరాలు

పొద్దున పదింటి నుంచి ఆఫీసరుగారికి మాట దొరికేదాకా ఆ ఆఫీసులో ఒక్క ఫైలూ కదలదు. మాటంటే మరేం కాదు, ఆయన ఫోనులో రోజుకొక ఆట వస్తుంది. అందులో ఐదక్షరాల ఇంగ్లీషు మాట ఒకటి దాచిపెడతారు. ఆరు ప్రయత్నాల్లో దాన్ని కనిపెట్టాలి. సరైన అక్షరం సరైన గడిలో పడితే పచ్చగా వెలుగుతుంది, చోటు తప్పితే పసుపు రంగు, అసలు లేకపోతే బూడిద రంగు. ఆఫీసరుగారు వరసగా రెండొందల పన్నెండు రోజులు గెలిచారు. గెలిచిన రోజున సంతకాలు జలజలా రాలతాయి. ఓడిన రోజు ఎలా ఉంటుందో చూసినవాళ్ళు ముగ్గురు. వాళ్ళలో ఒకాయన ఆ సాయంత్రమే బదిలీ అయిపోయాడు.

ఈ గెలుపుల వెనక సూపరింటెండెంటు పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ప్రతి సోమవారం ప్రతి సెక్షనూ ఒక జాబితా ఇచ్చి తీరాలని ఆయన నోటు తిప్పాడు. మధ్యలో రెండు 'ఓ'లు వచ్చే ఐదక్షరాల మాటలు ఒక వారం, చివర 'సి, కె' వచ్చేవి ఇంకో వారం. వరస నంబర్లతో మూడు కాపీలు, కింద 'సరిచూడబడినది' అని సంతకం. వరండాలో ధ్రువపత్రాల కోసం వచ్చిన జనం బెంచీల మీద కూర్చుని కూర్చుని నడుములు పట్టేసుకున్నా, ఈ జాబితాలు మాత్రం గడువుకి ఒక రోజు ముందే తయారు.

జాబితా ఇవ్వచ్చు గాని, జవాబు ఇదీ అని ఎవరూ చెప్పకూడదు. ఆయన తన సొంత తెలివితోనే గెలుస్తున్నారన్నది ఆఫీసు పరువుకి సంబంధించిన విషయం. ఎవరైనా ముందే ఆడేసి నోరు జారతారేమోనని, పదింటికల్లా అందరి ఫోన్లూ ఇనప బీరువాలో పెట్టించి తాళం వేసేవాడు సూపరింటెండెంటు.

ఆ రోజు డెస్పాచి గుమాస్తాకి సగం రోజు సెలవు కావాలి. ఉత్తరాలకి నంబరు వేసి, ముద్ర కొట్టి, బయటికి పంపడం ఆమె పని. వాళ్ళమ్మకి ఒక కన్ను పదేళ్ళ క్రితమే పోయింది. మిగిలిన కంటికి మొన్న ఆపరేషన్ చేశారు. ఇవాళ పన్నెండింటికి కట్టు విప్పుతారు.

"కట్టు విప్పగానే నాకు ముందు నీ మొహమే కనపడాలే," అంది వాళ్ళమ్మ పొద్దున. కాసేపాగి, "కనపడకపోతే ఇంకా నువ్వే ఉండాలి," అంది.

ఆఫీసుకి రాగానే ఆమె సెలవు కాగితం చేత్తో పట్టుకుని ఆఫీసరుగారి గది ముందు నిలబడింది.

పదిన్నరకి సూపరింటెండెంటు చెమట తుడుచుకుంటూ లోపలినుంచి వచ్చాడు.

"లైట్ అని వేశారు, చివరి నాలుగూ మొదటి దెబ్బకే పచ్చబడ్డాయమ్మా. ఐ, జి, హెచ్, టి. మొదటి అక్షరమే తేలట్లేదు."

అందరూ సంబరపడ్డారు. ముప్ఫై ఏడో జాబితా అదే కదా! తయారుచేసింది డెస్పాచి గుమాస్తానే. ఎవరూ వాడని పాత మాటలు తీసేస్తే మొత్తం ఎనిమిది: లైట్, నైట్, రైట్, ఎయిట్, ఫైట్, మైట్, సైట్, టైట్. కాని పదకొండయ్యేసరికి ఆ సంబరం కాస్తా నీరుగారిపోయింది. లైట్ తర్వాత ఆఫీసరుగారు నైట్ వేశారు, రైట్ వేశారు, ఎయిట్ కూడా వేశారు. నాలుగు ప్రయత్నాలూ బూడిదలో కలిశాయి. మిగిలిన మాటలు నాలుగు, ప్రయత్నాలు రెండు.

సూపరింటెండెంటు అత్యవసర సమావేశం పెట్టాడు. సిబ్బంది రెండు వర్గాలుగా చీలిపోయారు. ఫైట్ అయి తీరుతుందని స్టెనో బల్ల గుద్దింది. మైట్‌లో ఉన్న హుందాతనం ఫైట్‌లో ఎక్కడుందని క్యాషియరు వాదించాడు. ఎవరి వాదన వాళ్ళు రాతపూర్వకంగా ఇవ్వాలని, తర్వాత వాటిని క్రోడీకరించాలని తీర్మానించారు.

డెస్పాచి గుమాస్తా గోడ గడియారం చూసింది. పదకొండూ నలభై. తన బల్ల మీది అట్టపెట్టె వైపు చూసింది. దాని మీద పెద్దక్షరాలతో ఫారమ్స్ అని రాసి ఉంది. ఎఫ్, ఎం, ఎస్ మూడూ అందులోనే ఉన్నాయి. మాట ఐదక్షరాలే.

"సార్, ఆయన్ని ఫారమ్స్ అని వేయమనండి," అంది సూపరింటెండెంటుతో. "ఎఫ్ వెలిగితే ఫైట్, ఎం వెలిగితే మైట్, ఎస్ వెలిగితే సైట్. ఏదీ వెలగకపోతే టైట్. ఆఖరి ప్రయత్నంలో ఖాయంగా గెలుస్తారు."

సూపరింటెండెంటు ఆమెని ఎగాదిగా చూశాడు. "తప్పని తెలిసి తెలిసి ఆయన చేత తప్పు మాట వేయించమంటావా? మతుండే మాట్లాడుతున్నావా?"

"పన్నెండవుతోంది సార్. అక్కడ మా అమ్మ..."

"అందరికీ అమ్మలున్నారు. ముందు క్రోడీకరణ కానీ."

ఇక ఆమెకి ఒళ్ళు మండింది. పదకొండేళ్ళుగా ఆ గది తలుపు తట్టకుండా తోసినవాళ్ళు లేరు. ఆమె తోసింది.

ఆఫీసరుగారు ఫోను ముందు తల పట్టుకుని కూర్చున్నారు. ఆమె చెప్పిందంతా విన్నారు. ముందు కనుబొమలు ముడిపడ్డాయి, తర్వాత వేలు కదిలింది. ఫారమ్స్ అని కొట్టారు. ఎఫ్ బూడిద. ఓ, ఆర్ బూడిద. ఎం, ఎస్ కూడా బూడిదే. వెనకే పరిగెత్తుకొచ్చిన సూపరింటెండెంటు నెత్తి కొట్టుకున్నాడు.

"సర్వనాశనం చేశావు కదమ్మా!" అన్నాడు.

"ఏదీ వెలగలేదంటే టైటే సార్," అంది ఆమె.

ఆఫీసరుగారు టైట్ కొట్టారు. ఐదు గళ్ళూ పచ్చగా వెలిగాయి. రెండొందల పదమూడు! బయట చప్పట్లు మోగాయి. వరండాలో జనం తమ పనే అయిందనుకుని వాళ్ళూ చప్పట్లు కొట్టారు. ఆమె సెలవు కాగితం బల్ల మీద పెట్టింది. అప్పటికి పన్నెండూ పది.

ఆఫీసరుగారు కలం తీశారు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. పై ఆఫీసు పెద్దాయన. ఆయనా ఈ ఆటలోనే, ఇదే గోతిలో పడ్డారట. ఆఫీసరుగారు లేచి నిలబడి మరీ మాట్లాడారు.

"జవాబు నేను చెబితే బాగుండదు సార్. పద్ధతి చెప్పిస్తాను. మా దగ్గర నిపుణురాలున్నారు. మీటింగు కాగానే చేయండి, ఫోను దగ్గరే ఉంటారు." ఫోను పెట్టేసి ఆమె వైపు మురిపెంగా చూశారు. "ఇవాళ్టి నుంచి మాటల విభాగానికి మీరే ఇన్‌చార్జి. ఇంత పనికొచ్చే మనిషికి సెలవిస్తే ఆఫీసు ఏమైపోవాలి?"

సెలవు కాగితం మీద 'చర్చించండి' అని రాసి వెనక్కిచ్చారు.

"మా అమ్మకి కట్టు విప్పేస్తుంటారు సార్."

"విప్పనీండి. విప్పడానికి మీరెందుకు?"

ఆమెకి ఏడుపు రాలేదు. ఇన్నాళ్ళూ ఈ గది ముందు చేతులు కట్టుకుని నిలబడ్డందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. తిన్నగా తన బల్ల దగ్గరికి వెళ్ళింది. సెలవు కాగితాన్ని రిజిస్టరులో ఎక్కించి, నంబరు వేసి, 'పంపడమైనది' అని ముద్ర కొట్టింది. ఆ ముద్ర పడ్డది ఏదైనా ఆ ఆఫీసు లెక్కలో పూర్తయిన పనే. ఎవరు పూర్తి చేశారని ఇంతవరకు అడిగినవాళ్ళు లేరు. కాగితాన్ని సూపరింటెండెంటు చేతిలో పెట్టింది.

"బీరువా తాళం తీయండి సార్. నా ఫోను కావాలి."

"క్రోడీకరణ..." అన్నాడాయన.

ఆమె చెయ్యి చాపుకునే నిలబడింది. ఆ ముఖం చూసి ఆయన తాళం తీశాడు.

ఆసుపత్రికి చేరేసరికి ఒంటిగంట దాటింది. వార్డు గుమ్మంలోనే నర్సు పట్టుకుంది.

"మీరేనా కూతురు? కట్టు విప్పి గంటయింది. ఎంత చెప్పినా మీ అమ్మగారు కన్ను తెరవట్లేదండీ. డాక్టరుగారు రెండుసార్లు వచ్చి విసుక్కుని వెళ్ళారు."

వాళ్ళమ్మ మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది. కన్ను బిగించి మూసుకుంది. దుప్పటి అంచు రెండు చేతుల్లోనూ నలిగిపోయింది.

"ఎవరూ?"

"నేనేనమ్మా."

"నిజంగా నువ్వేనా?"

"నేనే. ఆలస్యమైపోయింది. తప్పంతా నాదే."

"దగ్గరికి రా. భయంగా ఉందే."

ఆమె మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని అమ్మ చేతులు పట్టుకుంది. అమ్మ మెల్లగా కన్ను తెరిచింది. ఒక చెయ్యి విడిపించుకుని ఆమె తల నిమిరింది.

"ఇంత జుట్టు ఎప్పుడు తెల్లబడిందే నీకు?" అంది అమ్మ.