సాయంత్రం ఐదు నుంచి ఆరు

సాధన చేయాలని ఏ రోజూ అనిపించదు. ఈ ముక్క ఎవరూ బయటికి చెప్పరు. వాయిద్యం పట్టుకున్న ప్రతివాళ్లూ అది లేకపోతే తిండి సయించదన్నట్టు మాట్లాడతారు. నాకైతే తొమ్మిదేళ్లలో వయొలిన్ పెట్టె తెరవబుద్ధేసిన సాయంత్రాలు ఇరవై కూడా ఉండవు. మిగతా అన్ని రోజులూ నన్ను నేను మోసం చేసుకునే తెరిచాను.

నేను కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాను. డాక్టర్లు పంపిన అచ్చుల్లో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక ఊడదీసి, అంచులు గీరి నున్నగా చేయడం నా వంతు. పొద్దున్న ఎనిమిది నుంచి నాలుగు వరకు నిలబడే పని. ఇంటికొచ్చేసరికి జుట్టులో, చెవుల్లో, కనుబొమ్మల మీద తెల్లటి పొడి. నడుం ఇక నా వల్ల కాదంటుంది. అప్పుడు వయొలిన్ ఎవరికి కావాలి? అందుకని కొన్ని ఉపాయాలు కనిపెట్టాను. ఇంట్లోకి రాగానే కుర్చీలో కూర్చోకూడదు, కూర్చుంటే లేవను. చెప్పులు విప్పీ విప్పకముందే పెట్టె తెరవాలి. పది నిమిషాలే, ఆ తర్వాత పడుకోవచ్చని నాకు నేనే ఆశ పెట్టుకోవాలి. పది అయ్యాక ఇంకో పది. వాయించిన రోజుకి కేలండర్‌లో అడ్డగీత, వాయించని రోజుకి ఖాళీ గడి. ఖాళీ గడి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒంట్లో జ్వరం ఉన్నా ఖాళీ వదల్లేదు. అలా తొమ్మిది కేలండర్లు నిండాయి.

ఇంత గాడిదచాకిరీ ఒక్క కుర్చీ కోసం. మా ఊళ్లో ఉద్యోగస్తులు కలిసి నడుపుకునే వాద్యబృందం ఒకటుంది. టీచర్లు, పోస్టాఫీసు గుమాస్తాలు, మందుల షాపాయన, ఇద్దరు నర్సులు. నెలకోసారి మునిసిపల్ హాల్లో వాయిస్తారు. తొమ్మిదేళ్ల కిందట ఓ రోజు వానకి తడవకుండా ఆ హాల్లోకి దూరాను. రెండో వయొలిన్ల వరుసలో చిట్టచివరి కుర్చీలో ఒక లావుపాటి ఆవిడ కూర్చుని వాయిస్తోంది. ఆవిడ వాయించేది విడిగా ఎవరికీ వినపడదు. కానీ ముప్పై మంది శబ్దం ఆవిడ చుట్టూ ఉంది, ఆవిడ అందులో పీకల దాకా మునిగి ఉంది. చూస్తూ చూస్తూ నాకు ఏడుపొచ్చేసింది. చిన్నప్పుడు నేనూ ఏడాదో ఏడాదిన్నరో వయొలిన్ నేర్చుకుని, మాస్టారు ఊరు మారిపోతే వదిలేసినదాన్నే. ఆ వారంలోనే పాత వయొలిన్ ఒకటి కొనుక్కుని, పుస్తకాలు ముందేసుకుని, మాస్టారనేవాడు లేకుండా మళ్లీ మొదలుపెట్టాను.

ఈ ఏడు ఆవిడ మోకాళ్ల నొప్పులతో మానేసింది. కుర్చీ ఖాళీ అయింది. బృందంలోకి కొత్తవాళ్లను మూడేళ్లకోసారి పరీక్ష పెట్టి తీసుకుంటారు. నలభై అయిదు దాటితే తీసుకోరు. కిందటిసారీ, అంతకు ముందుసారీ 'ఇంకా రాలేదు, ఇంకాస్త రానీ' అనుకుంటూ వెళ్లలేదు. ఇప్పుడు నాకు నలభై నాలుగేళ్ల ఎనిమిది నెలలు. వెళితే ఇప్పుడే వెళ్లాలి, లేదా ఆ కుర్చీ మాట మర్చిపోవాలి.

ఇక్కడ రబ్బరు ముక్క సంగతి చెప్పాలి. వయొలిన్ తీగల్ని ఎత్తి పట్టుకుంటూ నడుమ చిన్న చెక్క ఉంటుంది కదా, దాని నెత్తిన ఒక నల్ల రబ్బరు దిమ్మ తగిలిస్తే శబ్దం అణిగిపోతుంది. పక్క గదిలోకి కూడా పోదు. మా ఆయనకి న్యూస్‌పేపర్ ప్రెస్సులో రాత్రి డ్యూటీ. పొద్దున్న వచ్చి ఇల్లు చక్కబెట్టి పడుకుంటే సాయంత్రం ఆరింటికి లేస్తారు. మాది రెండు గదుల ఇల్లు. రాత్రంతా ఒళ్లు హూనం చేసుకునొచ్చిన మనిషి నిద్ర చెడగొట్టి సంగీతం వెలగబెట్టేంత రాతిగుండె కాదు నాది. అందుకని తొమ్మిదేళ్లూ రబ్బరు తగిలించే వాయించాను. దాని కింద నా వయొలిన్ మెత్తగా, మర్యాదగా, జలుబు చేసిన మంచి మనిషిలా పలికేది. నాకు చాలా ముద్దొచ్చేది.

పరీక్ష పదిహేను రోజులుందనగా, అక్కడ రబ్బరు పెట్టనివ్వరు కాబట్టి, ఒకసారి తీసి వాయించి చూద్దామనుకున్నాను. వయొలిన్ ల్యాబుకి పట్టుకెళ్లి, మధ్యాహ్నం అందరూ తిండికి కూర్చున్నాక, వెనక ప్లాస్టర్ బస్తాలుండే గదిలో తలుపేసుకున్నాను. రబ్బరు పీకాను. తీగ మీద కమాను ఆనించి లాగాను.

గది గోడలు కీచుమన్నాయి. తీగ సరిచేసి మళ్లీ లాగాను. మళ్లీ అదే. బాగా వచ్చిన పాటే మొదలుపెట్టాను, మన పాట మనల్ని ఆదుకుంటుందని. రెండు వరుసలు వాయించేలోపు తలుపు తోసుకుని మైనం అక్క వచ్చింది. మైనంతో పళ్ల నమూనాలు చెక్కుతుంది కాబట్టి ఆవిడకా పేరు. నాకంటే పదేళ్లు పెద్ద, నోటికి అడ్డూ అదుపూ లేవు.

"గీరుడు మిషన్ ఎవరో ఆపకుండా వదిలేశారనుకుని వచ్చానే!" అంది. నా చేతిలో వయొలిన్ చూసి, "అయ్యో, నువ్వా?" అని పకపకా నవ్వింది.

"ఎలా ఉందక్కా?"

"మిషన్ అనుకున్నానని చెప్పాక ఇంకా ఎలా ఉందంటావేంటే? పోన్లే, కొత్తలో అందరికీ అంతేగా. ఎన్నాళ్లయింది మొదలెట్టి?"

"తొమ్మిదేళ్లక్కా."

ఆవిడ నవ్వు ఆగిపోయింది. ల్యాబు యజమానినే ముఖాన కడిగేసే మనిషి, నా మొహం చూడలేక ప్లాస్టర్ బస్తాల వంక చూసింది. "చెయ్యి కడుక్కుని రా, చల్లారిపోతోంది," అని మెల్లగా తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

తప్పెక్కడుందో కనిపెట్టడానికి నాకు ఆ ఒక్క మధ్యాహ్నం సరిపోయింది. రబ్బరు శబ్దాన్ని అణిచేస్తుంది. అణిగిన శబ్దం నా చెవిని చేరాలని నేను కమానును నొక్కి పట్టి లాగేదాన్ని. రోజుకి గంట చొప్పున తొమ్మిదేళ్లు నా కుడిచెయ్యి నేర్చుకున్నది నొక్కడమే. రబ్బరు తీశాక ఆ నొక్కుడుకి తీగ అరుస్తోంది. చెయ్యి తేలిక చేద్దామంటే అది అలా ఎరగదు, గజగజ వణుకుతోంది. ఎడమచేతి వేళ్లు స్వరం పక్కన ఎక్కడెక్కడ పడుతున్నాయో కూడా ఇప్పుడే తెలిసింది. ఇన్నాళ్లూ ఆ మెత్తదనంలో తప్పూ ఒప్పూ ఒకేలా వినిపించాయి. సాధన చేయకుండా తొమ్మిదేళ్లు పడుకుని ఉంటే కనీసం చెయ్యి ఖాళీగా ఉండేది. ఇప్పుడు నేర్చుకున్నదంతా మర్చిపోతే తప్ప నేర్చుకోలేను.

ఆ సాయంత్రం మా ఆయన లేచి టీ గ్లాసు పట్టుకున్నాక విషయం కదిపాను.

"ఏమండీ, ఈ పదిహేను రోజులూ రబ్బరు తీసేసి వాయించుకోవాలి. మీ నిద్ర కాస్త పాడవుతుంది. ఏమనుకోకండి."

"తీసెయ్. దానికి నన్నడగడం దేనికి?"

"మీరు పడుకుంటారనే కదా ఇన్నాళ్లూ పెట్టుకున్నది."

ఆయన గ్లాసు కింద పెట్టి నన్ను వింతగా చూశారు. "నా కోసమా? రాత్రంతా ఆ ప్రెస్సు మిషన్ పక్కన నిలబడేవాణ్ణి నేను. అది ఆగితే ఉలిక్కిపడతాను గానీ మోగితే కాదు. నువ్వు నా మంచం మీదెక్కి వాయించినా లేవను. ఆ రబ్బరు కూడా వయొలిన్‌లో ఓ భాగమేమో అనుకున్నానే!" అని, గ్లాసు మళ్లీ అందుకుంటూ, "ఒక్కసారి అడగొచ్చు కదా," అన్నారు.

అడగలేదు. తొమ్మిదేళ్లలో ఒక్కసారంటే ఒక్కసారి అడగలేదు. ఎందుకు అడగలేదో ఆ రాత్రి ఆయన డ్యూటీకి వెళ్లాక గానీ ఒప్పుకోలేకపోయాను. వయొలిన్ కొన్న మొదటి సాయంత్రం నా చేతి కింద అది పెట్టిన కేక నాకు గుర్తుంది. ఆ రోజు మా ఆయన ఊళ్లో లేరు, ఇంట్లో నేనొక్కదాన్నే. ఆ కేక నేనే భరించలేక మర్నాడు షాపుకి పరుగెత్తి, "మా ఆయన పగలు పడుకుంటారండీ, శబ్దం రాకుండా ఏదైనా ఉందా?" అని అడిగాను. షాపువాడికి చెప్పిన అబద్ధాన్ని నేనే నమ్మాను. ఆయన నిద్ర ఒట్టి సాకు. నేను దాక్కోవడానికి నాకో చోటు కావాలి, అది దొరికింది. దాక్కుని, ప్రతి రోజూ అడ్డగీతలు గీసుకుంటూ, ఎంత పట్టుదల నాదని మురిసిపోయాను.

తర్వాత నాలుగు సాయంత్రాలు రబ్బరు లేకుండా వాయించాను. చెప్పినట్టే ఆయన కదల్లేదు. మొదటిరోజు కన్నా రెండోరోజు, రెండోరోజు కన్నా మూడోరోజు అధ్వానంగా వచ్చింది. నాలుగోరోజు ఏడుస్తూ వాయించాను. ఐదోరోజు ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాను. పది నిమిషాలే అని చెప్పుకుంటే నాకే నవ్వొచ్చింది, ఏం పది నిమిషాలు, ఎవరికి కావాలి ఆ పది నిమిషాలు? ఆరింటికి ఆయన లేచేదాకా చెప్పులతోనే ఆ కుర్చీలో ఉండిపోయాను. ఆ వారమంతా గళ్లు ఖాళీగా పోయాయి. ఒళ్లు మండలేదు. అందుకే నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం వేసింది.

పరీక్షకి వెళ్లనని మా ఆయనతో చెప్పాను. "ఇన్నేళ్లు చేసి ఇప్పుడు వెళ్లకపోవడమేంటే? నచ్చకపోతే వాళ్లే పొమ్మంటారు, మనకేం పోయింది?" అన్నారు. పరీక్ష రోజు డ్యూటీ దిగి, నిద్ర మానుకుని, గోళ్లలో సిరా మరకలతోనే నాతో బయల్దేరారు. బస్సులో వయొలిన్ పెట్టె తన ఒళ్లోనే పెట్టుకున్నారు, ఎవరైనా కాలు తగిలిస్తే వాళ్లని కొట్టేట్టు చూస్తూ.

మునిసిపల్ హాలు మెట్ల కింద ఆయన్ని ఉండమని లోపలికెళ్లాను. బల్ల వెనక ముగ్గురు. నడుమ ఉన్నాయన బృందం పెద్ద, రిటైరైన లెక్కల మాస్టారు. మనిషి మంచివాడని మొహమే చెబుతోంది. వాయించమన్నారు. వాయించాను. ఎలా వాయించానో చెప్పడానికి మైనం అక్క మాట చాలు. సగంలో చెయ్యి బిగుసుకుపోయి ఆగాను, క్షమించమన్నాను, మళ్లీ అందుకున్నాను. చివరి స్వరం అయ్యేసరికి ముగ్గురిలో ఒకాయన కాగితాలు సర్దుకుంటున్నాడు.

"ఈసారికి తీసుకోలేమమ్మా," అన్నారు మాస్టారు. గొంతులో ఎక్కడా కటువు లేదు. "ఎన్నాళ్ల నుంచి వాయిస్తున్నారు?"

ప్లాస్టర్ గదిలో మైనం అక్క మొహం నా కళ్ల ముందు మెదిలింది. అదే మొహం ఈయనకీ రావడం చూస్తూ అక్కడ నిలబడలేననిపించింది.

"రెండేళ్లండి, మాస్టారెవరూ లేరు, నాకు నేనే," అన్నాను.

"రెండేళ్లా!" ఆయన మొహం వికసించింది. కాగితాలు సర్దుతున్నాయన కూడా తలెత్తాడు. "అయితే మరేం దిగులుపడకండి. రెండేళ్లకి, అదీ మాస్టారు లేకుండా, ఇంత వచ్చిందంటే చాలా గొప్ప. మానకండమ్మా. ఇలాగే ఇంకో ఏడేళ్లు రోజూ సాధన చేశారంటే మీరెక్కడుంటారో మీరే చూస్తారు." నా వయసు రాసిన కాగితం ఆయన ముందే ఉంది, చూసినట్టు లేదు. దణ్ణం పెట్టి బయటికొచ్చాను.

మా ఆయన మెట్ల కింద నిలబడే ఉన్నారు. నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయి.

"ఏమన్నారు?"

"తీసుకోరట."

"ఇంకేమీ అనలేదా?"

ఏదో ఒకటి ఆయన చేతిలో పెట్టాలనిపించింది. "రెండేళ్లకి చాలా గొప్పగా వచ్చిందన్నారు."

"రెండేళ్లేంటి?" ఆయన వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలెట్టారు. "మనం ఈ ఇంట్లో దిగిన ఏడే కదా నువ్వు మొదలెట్టింది? తొమ్మిదేళ్లు."

"నోరు జారి రెండేళ్లని చెప్పాను."

"ఓసి పిచ్చిదానా!" మా ఆయన మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. "రెండేళ్లనుకునే అంత మెచ్చుకుంటే, తొమ్మిదేళ్లని తెలిస్తే ఇంకెంత మెచ్చుకుంటారు! ఒక్కరోజు మానకుండా చేశావని చెప్తే కుర్చీ ఇచ్చినా ఇస్తారు. నువ్వుండు, నేను చెప్పొస్తాను."

అప్పటికే ఆయన రెండు మెట్లు ఎక్కేశారు. వెనక నుంచి చొక్కా పట్టుకుని ఆపాను.

"వద్దండీ."

"ఎందుకు వద్దు? అబద్ధం చెప్తున్నామా? నిజమే కదా!"

"నిజమేనండీ," అన్నాను. చొక్కా మాత్రం వదల్లేదు.