తెల్ల చుక్క

ఆకుపచ్చ చుక్కని బొటనవేలితో అదిమి, రెండడుగులు వెనక్కి జరిగి చూసుకున్నాడు లేబుళ్ళాయన. మ్యూజియంలో అతన్ని అందరూ పిలిచేది అలాగే. అద్దాల పెట్టెలో పైన పాటపిట్ట, కింద రాత్రిళ్ళు దీపం చుట్టూ తిరిగే బూడిదరంగు రెక్కల పురుగు. రెండూ జంతువులే. అక్కణ్ణుంచి దారులు వేరు. పిట్టది వెన్నెముక ఉన్న వర్గం, పురుగుది ఆరుకాళ్ళ కీటకాల వర్గం. పిట్టకి ఎర్ర చుక్క పడింది, దాని జాతి అంతరించేలా ఉందట. దాని గూళ్ళు లెక్కపెట్టేవాళ్ళు, కాళ్ళకి ఉంగరాలు తొడిగేవాళ్ళు, ఓ హడావుడా! పురుగు గురించి ఎవరూ ఏమీ రాయలేదు. రాయలేదంటే నిక్షేపంగా ఉన్నట్టే కదా అనుకుని దానికి ఆకుపచ్చది అంటించాడు.

ఇంట్లోనూ అంతే. తల్లి ఉబ్బసం మనిషి, ఆవిడ దగ్గితే ఇల్లంతా ఉలిక్కిపడుతుంది. పొద్దున ఆవిణ్ణి ఆసుపత్రికి బయలుదేరదీస్తుంటే భార్య గడపలో నిలబడింది.

"ఏవండీ, నాకూ రెండ్రోజుల్నించి ఆయాసంగా ఉంటోంది."

"నీకేంటే, గుండ్రాయిలా ఉన్నావు! రేపు చూద్దాంలే."

ఆమే నవ్వేసింది. తల్లిని చూపించి, ఇంట్లో దింపి, అతను పరుగున పనికొచ్చి పడ్డాడు.

"ఇదేంటి బాబాయ్, ఆకుపచ్చది పెట్టావ్?" అంది క్యూరేటరమ్మాయి వెనకనించి.

"ప్రమాదం లేదనేగా, అమ్మా?"

"ఉందో లేదో ఎవరికి తెలుసు? ఆకుపచ్చంటే పరీక్ష చేసి బానే ఉందని తేల్చినట్టు. దీన్ని అసలెవరూ చూళ్ళేదు. తెల్లది పెట్టాలి."

గోటితో చుక్క పీకుతున్న చెయ్యి ఆగిపోయింది. పొద్దున గడపలో భార్య నవ్విన ఆ నవ్వు ఊపిరందక సగంలోనే తెగింది. తను చూశాడు. చూసి కూడా వెళ్ళిపోయాడు.

"వెళ్ళొస్తానమ్మా, మా ఆవిణ్ణి డాక్టరుకి చూపించాలి," అన్నాడు తెల్ల చుక్క అంటించి.

ఇంటి ముందు చెప్పులు గుట్టగా ఉన్నాయి. ఎదురింటావిడ కళ్ళు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఎంత పిలిచినా వదిన పలకలేదన్నయ్యా. ఇప్పుడే డాక్టరొచ్చి చూసి, ప్రాణం లేదనేశాడు."

"పక్కగదిలోనే ఉన్నాన్రా," అంది తల్లి రొప్పుతూ. "ఒక్క కేకైనా వెయ్యలేదురా నా తల్లి!"

అతను భార్య పక్కన కూలబడ్డాడు. "చూపిద్దామనే వచ్చానే, లేవవే," అని బావురుమన్నాడు. ఆమె పక్కనే అతని చొక్కా, సగం కుట్టిన గుండీ, దారానికి వేలాడుతూ సూది.