మూత పడని డ్రమ్ము

అరబ్బు ఇంట్లో అందరి వంటా అయ్యాక చిట్టెమ్మ తనకు బియ్యం కొలుచుకునేది. కడిగే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి కవర్లో దాచేది. రాజోలులో వాళ్లమ్మ కూడా పూటపూటకూ దేవుడి పేరున అలాగే తీసేది. ఆదివారం ఆ కవరు పట్టుకుని ఊరి చివర ముసఫ్ఫాలోని తెలుగు క్రైస్తవ సంఘానికి వెళ్లి, వెనక గదిలోని నీలం డ్రమ్ములో పోసి, మోచేతిదాకా చెయ్యి పెట్టేది.

అడుగు నుంచి చేతులొచ్చేవి. సూడాన్ చేతులు. అక్కడ యుద్ధం మొదలయ్యాక రావడం మొదలుపెట్టాయి. గుప్పిట్లో బియ్యం పెడితే తీసుకుని వెళ్లిపోయేవి. సంఘానికి కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పులు విడిచే చోటు చూపించినట్టే ఆ డ్రమ్మునూ చూపించేవాళ్లు.

చిట్టెమ్మకు ఎప్పుడూ ఒకే చెయ్యి తగిలేది. ఏడెనిమిదేళ్ల పిల్లది. మణికట్టుకు దారం, దారానికో పూస. బియ్యం తీసుకున్నాక ఆ చెయ్యి చిట్టెమ్మ బొటనవేలిని రెండుసార్లు నొక్కేది.

"నీ కూతురొచ్చిందా?" అని సంఘంలో స్నేహితురాలు విజయదుర్గ ఏడిపించేది.

"వచ్చిందే. గోళ్లు తీసేవాళ్లు లేరు పాపం, గీరేసింది."

ఆ ఏడు ఐదు సంఘాలు కలిసి శాంతి కూటమి పెట్టాయి. 'సరిహద్దులు లేని ప్రేమ' అని గోడంత బ్యానరు కట్టారు. తెలుగువాళ్ల తరఫున అందులో సంఘ పెద్ద భీమరాజు గారు. ఆయన డ్రమ్ము మూత చుట్టూ టేపు వేయించాడు.

"సాయం కూటమి పేరు మీదే వెళ్లాలి సిస్టర్. పర్మిషన్లుంటాయి, పద్ధతుంటుంది. బిషప్ గారొచ్చి ప్రారంభిస్తారు."

"ఎప్పుడొస్తారండీ?"

"నెల పట్టొచ్చు."

"ఆకలి నెలాగుద్దాండీ?"

"అందుకే కదమ్మా ప్రార్థన చేస్తున్నాం!"

మొదటి ఆదివారం లోపల్నుంచి తట్టారు. పాటల బృందం కీబోర్డు సౌండు పెంచింది. రెండో ఆదివారం గీరిన చప్పుడు. చిట్టెమ్మ టేపు మీద గోరు పెట్టింది. "నీ వీసా మాట్లాడిపెట్టింది ఆయనేనే, మర్చిపోకు," అని విజయదుర్గ చెయ్యి లాగేసింది. చిట్టెమ్మ మర్చిపోలేదు. మూడో ఆదివారం ఏ చప్పుడూ లేదు. ప్రపంచంలో ముట్టడులన్నీ ఇలాగే గెలుస్తాయి. ఒకడు మూత వేస్తాడు, మిగతావాళ్లు పాట పెంచుతారు.

ఐదో ఆదివారం బిషప్ గారొచ్చి టేపు కత్తిరించారు. ఫొటో కోసం భీమరాజు గారు కోటు విప్పి, పిడికెడు బియ్యంతో భుజందాకా చెయ్యి పెట్టి నవ్వాడు. ఆ నవ్వు అలాగే బిగుసుకుపోయింది.

"ఏదో పట్టుకుంది."

"బియ్యం ఇచ్చేయండి, వదిలేస్తుంది," అన్నారెవరో.

"తీసుకోవట్లేదు. చల్లగా ఉంది."

చిట్టెమ్మ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "మణికట్టుకి పూస తగుల్తుందాండీ?"

ఆయన వేళ్లతో తడుముకున్నాడు. చాలాసేపు తడుముకున్నాడు.

"తగుల్తోందమ్మా."

ఫొటో బాగానే వచ్చింది. కూటమి పత్రికలో రంగుల్లో వేశారు.

ఆ చెయ్యి ఆయన్ని వదల్లేదు. సబ్బునీళ్లు పోశారు, ఉపవాస ప్రార్థన పెట్టారు. ఉద్యోగం పోయింది. భార్య క్యారియర్ తెచ్చి తినిపిస్తుంది. డ్రమ్ము పక్కనే కుర్చీ, కుర్చీలో ఆయన. భుజం అడ్డంగా ఉంది కాబట్టి మూత పెట్టే వీల్లేదు. రోజంతా జనం వచ్చి ఆయన చెంప పక్కనుంచి బియ్యం పోసి వెళ్తారు. అడుగున చేతులు తీసుకుంటాయి.

చిట్టెమ్మ కూడా పోస్తుంది. ఎవరెవరో తీసుకుంటారు. బొటనవేలు ఎవరూ నొక్కరు.

"సిస్టర్," అన్నాడాయన ఓ ఆదివారం, తల ఎత్తకుండా. "ఈ పాప పేరేంటో నీకు తెలుసా?"

చిట్టెమ్మ ఖాళీ కవరు మడిచి బొడ్లో దోపుకుంది.

"మీరే అడగండి. మీకు టైముందిగా."